ఆల్బం దాచుకున్నాం, అసలు పారేశాం

తిరుపతిలో ఏ పాత ఇంట్లో బీరువా తీసినా పెళ్లి ఆల్బం భద్రంగా ఉంటుంది. పట్టుచీరల మధ్యో, ఇంటి పత్రాల పక్కనో పెట్టి ఉంటారు. ఆ ఫొటోలు ఏ నెగటివ్‌ల నుంచి, అంటే వెలుగునీడలు తలకిందులుగా పడ్డ ఏ ఫిల్ము ముక్కల నుంచి వచ్చాయో అవి ఎక్కడున్నాయని అడిగితే మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. స్టూడియో వాళ్ల దగ్గరే ఉండిపోయాయేమో అంటారు, లేదంటే ఇల్లు మారినప్పుడు ఆ కవర్లన్నీ పోయాయంటారు. ఆ స్టూడియోని వెతుక్కుంటూ గాంధీ రోడ్డుకో తిలక్ రోడ్డుకో వెళ్తే అక్కడిప్పుడు సెల్‌ఫోన్ల అంగడి కనిపిస్తుంది.

ఫొటో అంటే చేతికొచ్చిన కాగితమనీ, నెగటివ్ అంటే దాన్ని తయారు చేయడానికి వాడి పక్కన పడేసే సరుకనీ అనుకోవడం వల్లే ఈ పరిస్థితి. లెక్క సరిగ్గా తలకిందులు. ఇంటి అసలు దస్తావేజుకీ దాని జిరాక్సుకీ ఎంత తేడా ఉందో నెగటివ్‌కీ ఫొటోకీ అంత తేడా ఉంది. జిరాక్సులో అంచులు తెగిపోవచ్చు, ఎవరైనా ఒక లైను మీద తెల్ల ఇంకు పూసి కనపడకుండా చేయొచ్చు. అసలు తీసి చూస్తే అన్నీ బయటపడతాయి. ఈమధ్య పాత నెగటివ్‌ల మీద మోజు పెరిగి, ముక్కూ మొహం తెలియని వాళ్ల కుటుంబ నెగటివ్‌లను కూడా డబ్బిచ్చి కొనే వాళ్లున్నారంటే, ఫొటోలో లేనిది నెగటివ్‌లో దొరుకుతుందన్న ఆశే దానికి చాలావరకు కారణం. ఆ ఆశలో నిజమెంతో తెలియాలంటే నెగటివ్ ఎలా పుడుతుందో, ఎలా చస్తుందో రెండూ చూడాలి.

గుండు మీద జుట్టు

ఈ ఊరి నెగటివ్‌లలో తరచూ కనిపించేది తలనీలాలిచ్చి కొండ దిగొచ్చిన కుటుంబం. గుడి లోపలికి కెమెరా వెళ్లదు కాబట్టి ఫొటో గుడి బయటైనా దిగాలి, కింద స్టూడియోలో గోపురం గీసిన పరదా ముందైనా దిగాలి. తాత, తండ్రి, ఏడాది పిల్లాడు, ముగ్గురివీ గుండ్లే, గుండ్ల నిండా గంధం. ఈ నెగటివ్‌ను కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తే తమాషాగా ఉంటుంది. గంధం పూసిన గుండ్లు నల్లగా కనిపిస్తాయి, ముగ్గురికీ ఒత్తుగా జుట్టు మొలిచినట్టే. పక్కన నిలబడ్డ తల్లి జడ మాత్రం నెరిసి తెల్లబడిపోయినట్టు ఉంటుంది. పిల్లలకి చూపిస్తే గుండు ఎవరిదో పోల్చుకోలేక తికమకపడతారు.

ఈ తిరకాసంతా వెండిది. ఫిల్ము మీద జిలటిన్ పొర ఉంటుంది, అందులో సిల్వర్ బ్రోమైడ్ వంటి వెండి లవణాల స్ఫటికాలు కోట్లకొద్దీ ఉంటాయి. షట్టర్ తెరుచుకుని మూసుకునే లిప్తకాలంలో వెలుతురు తగిలిన స్ఫటికంలో నాలుగైదు వెండి పరమాణువులు విడివడి ఒక చోట చేరతాయి. అప్పటికి కంటికి ఏమీ కనపడదు. డెవలపర్ అనే మందులో ముంచగానే ఆ గుర్తున్న స్ఫటికం మొత్తం నల్లటి వెండిగా మారిపోతుంది. గంధం నుంచి ఎక్కువ వెలుతురు వచ్చింది కాబట్టి అక్కడ వెండి ఎక్కువ, నలుపూ ఎక్కువ. నల్లటి జడ నుంచి వెలుతురు రాలేదు కాబట్టి అక్కడి స్ఫటికాలు మారకుండా మిగిలిపోతాయి. వాటిని హైపో అనే మందు కరిగించి పట్టుకుపోతుంది, ఆ చోటు అద్దంలా తేటపడుతుంది. హైపోకి ఈ గుణం ఉందని 1819లోనే గమనించి, 1839లో దాన్ని ఫొటోగ్రఫీకి అందించినవాడు ఖగోళ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్. ఆ తర్వాత చాలాసేపు నీళ్లలో కడగాలి. హైపో కొంచెం మిగిలినా ఏళ్లు గడిచాక ఆ నెగటివ్ పసుపు పచ్చగా, గోధుమరంగుగా తిరుగుతుంది. ఇప్పుడు మన చేతికొస్తున్న మచ్చల నెగటివ్‌లలో చాలా వాటికి ఆనాడు కడిగిన మనిషి తొందరే కారణం.

జిలటిన్ సంగతి ఇంకా విచిత్రం. దాన్ని పశువుల ఎముకలు, తోళ్ల నుంచి తీస్తారు. ఒకే రకంగా తయారు చేసినా కొన్ని బ్యాచ్‌ల ఫిల్ము చురుగ్గా వెలుతురు పట్టేది, కొన్ని మందకొడిగా ఉండేవి. ఎందుకో అర్థంకాక కంపెనీలు తల పట్టుకునేవి. కొడాక్ పరిశోధకుడు శామ్యూల్ షెపర్డ్ 1925లో దీని గుట్టు విప్పాడు. ఆవజాతి మొక్కల్లో ఉండే గంధకపు పదార్థం మేత ద్వారా పశువుల ఒంట్లోకి, అక్కడి నుంచి జిలటిన్‌లోకి చేరి ఫిల్ముకి చురుకు తెస్తోందని తేలింది. మనం తిరగమోతలో వేసే ఘాటే అన్నమాట.

బ్లాక్ అండ్ వైట్ డెవలపర్ మామూలుగా 20 డిగ్రీల దగ్గర పనిచేయాలి. మే నెలలో తిరుపతి కుళాయి నీళ్లు ఎలా ఉంటాయో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. వేడి ఎక్కువైతే జిలటిన్ మెత్తబడి ఊడొస్తుంది, లేదా సన్నటి ముడతలు పడి ఎండిన చెరువులా పగుళ్లు తేలుతుంది. అందుకే డార్క్ రూముల్లో ఐసుగడ్డలు తెప్పించుకుని, చల్లబడ్డాక రాత్రిపూట రీళ్లు కడిగేవాళ్లు. బోరు నీళ్లతో కడిగితే ఆరాక తెల్లటి ఉప్పు చుక్కలు మిగులుతాయి. అవీ ప్రింటులోకి వస్తాయి.

ఇంకో చిక్కు రంగులది. వెండి లవణాలకు పుట్టుకతో నీలం రంగే బాగా కనపడుతుంది, ఎరుపు అసలు కనపడదు. 1873లో జర్మనీకి చెందిన హెర్మన్ ఫోగెల్ కొన్ని అద్దకపు రంగులు కలిపితే వెండి లవణాలు ఆకుపచ్చను కూడా పట్టుకుంటాయని కనిపెట్టాడు. అలా వచ్చిన ఆర్థో రకం ప్లేట్లు, ఫిల్ములు స్టూడియోల్లో చాలాకాలం నడిచాయి. ఎరుపు కనపడదు కాబట్టి డార్క్ రూములో ఎర్రలైటు పెట్టుకుని, ఎంత నలుపెక్కిందో చూసుకుంటూ కడుక్కోవచ్చు. ఆ సౌకర్యానికి మూల్యం చెల్లించింది ఫొటో దిగినవాళ్లు. అవ్వల పాత ఫొటోల్లో కుంకుమ బొట్టు కాటుకలా నల్లగా ఉంటుంది. తాంబూలం వేసుకున్న పెదాలూ, ఎర్ర పట్టుచీరా నలుపే. ఎండకు కమిలిన చామనఛాయ ముఖాలు అసలుకంటే బాగా నల్లగా వస్తాయి. తర్వాత వచ్చిన ప్యాన్‌క్రోమాటిక్ ఫిల్ము ఎరుపును కూడా పట్టుకుంది. బొట్టు బూడిదరంగుకు తేలింది, డార్క్ రూములో ఎర్రలైటు కూడా ఆర్పేయాల్సి వచ్చింది. బొట్టు ఎంత నల్లగా ఉందో చూసి ఆ ఫొటో ఏ రకం ఫిల్ము మీద తీసిందో చాలాసార్లు ఊహించొచ్చు.

కాగితం, గాజు, సెల్యులాయిడ్

1839లో ఫొటోగ్రఫీ లోకానికి పరిచయమైనప్పుడు అందరి నోటా నలిగిన పేరు ఫ్రాన్సుకు చెందిన డాగేర్. ఆయన పద్ధతిలో వెండిపూత పూసిన రాగిరేకు మీద ఒకే ఒక్క ఫొటో వస్తుంది, దానికి రెండో కాపీ లేదు. ఇంగ్లండులో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బాట్ అంతకుముందే వేరే దారి పట్టాడు. 1835 ఆగస్టులో తన ఇంటి కిటికీని చిన్న కాగితం మీద తలకిందుల వెలుగునీడల్లో పట్టుకున్నాడు. భూతద్దం పెడితే ఆ కిటికీలో దాదాపు 200 గాజు గళ్లు లెక్కపెట్టొచ్చని రాసుకున్నాడు. మనకు మిగిలిన నెగటివ్‌లలో అన్నిటికంటే పాతది అదే. డాగేర్ ఫొటోలు చూడ్డానికి ఎన్నో రెట్లు అందంగా ఉండేవి, అయినా చివరికి టాల్బాట్ దారే నిలిచింది. ఒకటి తీస్తే వంద వేసుకోవచ్చన్న సౌకర్యం ముందు అందం ఓడిపోయింది.

ఈ కాగితపు నెగటివ్‌లు మన ప్రాంతాలకి త్వరగానే చేరాయి. మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వం 1856లో లిన్నేయస్ ట్రైప్ అనే సైనికాధికారిని తన అధికారిక ఫొటోగ్రాఫరుగా పెట్టుకుంది. ఆయన 1857 చివర్లో బయల్దేరి శ్రీరంగం, తంజావూరు, మదురై గుళ్లను మైనం పట్టించిన కాగితపు నెగటివ్‌ల మీదికి ఎక్కించాడు. తంజావూరు పెద్దగుడి పీఠం చుట్టూ ఉన్న శాసనాన్ని ముక్కలు ముక్కలుగా తీసి, 21 ప్రింట్లు ఒకదానికొకటి అతికించి పొడవాటి చుట్ట చేశాడు. కాగితపు నెగటివ్‌లో ఆకాశం బోసిగా వచ్చేది. ట్రైప్ నెగటివ్ మీద రంగు పులిమి మబ్బులు తానే వేసేవాడు. నెగటివ్‌ను చేత్తో దిద్దడం మన స్టూడియోలు కొత్తగా నేర్చిన విద్య కాదని చెప్పడానికే ఇది.

1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ కనిపెట్టిన కొలోడియన్ అనే జిగురు ద్రవం పూసే పద్ధతితో గాజు పలకలు వచ్చాయి. కాగితం నార అడ్డు లేకపోవడంతో వెంట్రుక వాసి కూడా స్పష్టంగా కనిపించేది. కానీ పలక మీద మందు పూసి, తడి ఆరకముందే ఫొటో తీసి, తడి ఆరకముందే కడగాలి. ఫొటోగ్రాఫరు ఎక్కడికెళ్తే అక్కడికి చీకటి గుడారం కూడా వెళ్లాలి. 1871లో రిచర్డ్ మ్యాడాక్స్ జిలటిన్ పొడి పలకల దారి చూపించాకే ఈ బాధ తప్పింది. నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరుగా పేరు మోసిన లాలా దీన్‌దయాళ్ గాజు నెగటివ్‌లు 2,800కు పైగా ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. పలక పగలకుండా ఉంటే చాలు, గాజు సాగదు, ముడుచుకోదు, వాసన రాదు. ఆ తర్వాత వచ్చినవాటికి అంత అదృష్టం లేదు.

వంగే ఫిల్ము కథలో న్యాయం ఆలస్యంగా జరిగింది. అమెరికాలో హానిబల్ గుడ్విన్ అనే చర్చి ఫాదరు సెల్యులాయిడ్ ఫిల్ముకి 1887లో పేటెంటు అడిగితే, అది చేతికొచ్చేసరికి 1898 అయింది. ఈలోగా జార్జ్ ఈస్ట్‌మన్ 1888లో నూరు ఫొటోలు తీసే కొడాక్ కెమెరా అమ్మి, 1889 నుంచి పారదర్శక ఫిల్ము చుట్టలు బజారులోకి దించాడు. గుడ్విన్ 1900లో పోయాడు. ఆయన హక్కులు కొనుక్కున్న కంపెనీకి కొడాక్ 1914లో 50 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది.

ఆ తొలి ఫిల్ము నైట్రోసెల్యులోజ్‌తో చేసింది, తుపాకీ మందుకి చుట్టం. అంటుకుంటే నీళ్లలో ముంచినా ఆరదు, మండడానికి కావలసిన ఆక్సిజన్ దాంట్లోనే ఉంటుంది. అందుకే ఎసిటేట్ ఫిల్ము వచ్చినప్పుడు దానికి సేఫ్టీ ఫిల్ము అని పేరు పెట్టి, అంచు మీద ఆ మాట అచ్చువేశారు. 1950ల మొదట్లోనే కొడాక్ నైట్రేట్ ఫిల్ము తయారీ ఆపేసింది. మీ ఇంట్లో 60ల నాటి నెగటివ్‌లు ఉంటే అవి అంటుకుంటాయన్న భయం అక్కర్లేదు.

కానీ సేఫ్టీకి దాని జబ్బు దానికుంది. వేడీ తేమా కలిస్తే ఎసిటేట్ విడిపోయి ఎసిటిక్ ఆమ్లం వదుల్తుంది, అంటే వెనిగర్. ఆ ఆమ్లమే మిగతా ఫిల్మును ఇంకా వేగంగా తింటుంది. ఫిల్ము ముడుచుకుపోతుంది, పైనున్న జిలటిన్ ముడుచుకోదు, దాంతో పొర లేచి కాలవలు కాలవలుగా ముడతలు పడుతుంది. దీని గురించి కొడాక్‌కి మొట్టమొదటి ఫిర్యాదు వెళ్లింది ఎక్కడి నుంచో తెలుసా? భారత ప్రభుత్వం నుంచే. 1948లో ట్రైఎసిటేట్ అనే రకం ఎసిటేట్ ఫిల్ము వచ్చి పదేళ్లు తిరక్కుండానే మన వేడికీ మన ఉక్కకీ తట్టుకోలేక వాసన మొదలైంది. చల్లటి దేశాల వాళ్లకి ఈ సంగతి తలకెక్కడానికి చాలా ఏళ్లు పట్టింది. డబ్బా మూత తీయగానే పులిసిన వాసన ముక్కుకి కొడితే ఇక ఆలస్యం చేసే సమయం లేదని గుర్తు. తర్వాత వచ్చిన పాలియెస్టర్ ఫిల్ముకి ఈ తెగులు లేదు గానీ, మామూలు కెమెరా రీళ్లలో అది తక్కువ.

పన్నెండే ఫొటోలు

స్వాతంత్ర్యం తర్వాత చాలా ఏళ్లు విదేశీ ఫిల్ము దొరకడం కష్టం, దొరికినా ధర ఎక్కువ. తూర్పు జర్మనీ నుంచి ఓర్వో ఫిల్ము వచ్చేది. ఊటీలో 1960లో కేంద్ర ప్రభుత్వం హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ పెట్టింది, 1967లో ఉత్పత్తి మొదలై 'ఇందు' పేరుతో ఫిల్మూ కాగితమూ వచ్చాయి. ఫిల్ము పూతకి చల్లదనం కావాలి, దుమ్ము ఉండకూడదు. ఊటీని ఎంచుకోవడంలో ఆ లెక్క ఉంది. ఇక బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీ ఎంతమంది మధ్యతరగతి వాళ్ల మొదటి కెమెరా అయిందో! 120 సైజు రీలు వేస్తే చదరపు ఫొటోలు పన్నెండు, అంతే.

పాత ఫొటోల్లో మనవాళ్లు బిగుసుకుపోయి నిలబడ్డారని నవ్వుకుంటాం. 19వ శతాబ్దంలో అయితే సెకన్ల కొద్దీ కదలకుండా ఉండాలి కాబట్టి అలా వచ్చేవాళ్లు. 1970లో షట్టర్ వేగానికి ఆ ఇబ్బంది లేదు. పన్నెండింటిలో ఒకటి మనవల్ల చెడిపోకూడదన్న టెన్షన్ మాత్రం ఉంది. కాణిపాకం వెళ్లిన రోజు రెండు, చెల్లెలి సీమంతానికి నాలుగు, మిగిలినవి ఉగాదికి. రీలు అయిపోయేదాకా కడిగించరు. ఒకే నెగటివ్ స్ట్రిప్‌లో ఆరునెలల కుటుంబం వరసగా కనపడుతుంది. ఆల్బంలో పేజీలు మార్చి అంటించినా, ఏది ముందు ఏది వెనకో ఫ్రేము నంబర్లే చెప్తాయి. తేదీలు మర్చిపోయిన ఇళ్లలో నేను మొదట చూసేది ఈ అంచు నంబర్లనే.

చదరపు నెగటివ్ నుంచి నిలువు కాగితం మీద ప్రింటు వేస్తే పక్కలు తెగక తప్పదు. తెగిన భాగంలోనే అసలు మనుషులు ఉంటారు. పరదా ఎక్కడ అయిపోతుందో, దాని వెనక సున్నం రాలిన గోడ ఎలా ఉందో అక్కడ కనిపిస్తుంది. ఏడుస్తున్న పిల్లాడిని నవ్వించడానికి గిలక్కాయ ఊపుతున్న చెయ్యి సగం ఫ్రేములోకి వచ్చి ఉంటుంది. ఒకసారి ఇలాంటి పూర్తి ఫ్రేము చూశాక ఆల్బంలోని ప్రింటు కొంచెం బోసిగానే అనిపిస్తుంది.

ఇంటింటా గోడకి వేలాడే పటాలది మరో కథ. ఇంట్లో పెద్దాయన పోతే, ఆయన ఒంటరిగా దిగిన ఫొటో ఒక్కటీ ఉండదు. ఏదో పెళ్లిలో దిగిన గ్రూపు ఫొటో పట్టుకుని స్టూడియోకి పరిగెడతారు. వాళ్లు నెగటివ్ వెతికి, అందులోంచి ముఖం ఒక్కటే ఎన్‌లార్జ్ చేసి, పెద్దకర్మ నాటికి పటం కట్టి ఇస్తారు. ఆయన భుజం మీద ఎవరో చెయ్యి వేసి ఉంటే దాన్ని టచింగులో, అంటే చేత్తో దిద్దేటప్పుడు, చెరిపేస్తారు. దండ వేసిన పటంలో ఎడమ భుజం దగ్గర చొక్కా గీతలు కొంచెం అతుకు పెట్టినట్టు ఉన్నాయంటే అక్కడొక చెయ్యి ఉండేదని అర్థం. ఎవరిదో తెలియాలంటే నెగటివ్ కావాలి.

పెన్సిలు చేసిన పని

ఇక్కడ టచింగ్ గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే స్టూడియో పేరు నిలబెట్టిందీ ముంచిందీ అదే. వాలుగా అద్దం బిగించిన చిన్న చెక్క డెస్కు, కింద నుంచి వెలుతురు. నెగటివ్ మసక వైపు పైకి పెట్టి, పెన్సిలు పట్టడానికి వీలుగా కొంచెం వార్నిష్‌లాంటి ద్రవం రుద్దుతారు. సూదిమొనలా చెక్కిన పెన్సిలుతో ముఖం మీద చుక్కలు, కామాల్లాంటి చిన్న చిన్న గీతలు పెడతారు. నెగటివ్‌లో పెన్సిలు పడ్డ చోట నలుపు పెరుగుతుంది, ప్రింటులో ఆ చోటు తెల్లబడుతుంది. స్ఫోటకపు గుంటలు, కళ్లకింద నీడలు, నుదుటి ముడతలు అలాగే మాయమవుతాయి. తెల్లగా ఉన్నదాన్ని నల్లగా చేయాలంటే పని తలకిందులు, సన్నటి కత్తితో వెండి పొరను గీకాలి. పెన్సిలు జారితే చెరుపుకోవచ్చు, కత్తి జారితే ఆ నెగటివ్ సంగతి అంతే.

ఇలాంటి నెగటివ్‌ను వెలుతురుకు ఎదురుగా కాకుండా ఏటవాలుగా పట్టి చూడండి. బుగ్గల మీద, ముక్కు పక్కన పెన్సిలు గీతలు తళుక్కుమంటాయి. ఆ గీతలు దట్టంగా ఉన్నచోట ఆ మనిషి ముఖం నిజంగా ఎలా ఉండేదో ఊహించొచ్చు. పెళ్లిచూపులకు పంపే ఫొటోల్లో ముఖమంతా పెన్సిలు తిరిగి ఉంటుంది, మెడ మీద ఉండదు. ప్రింటులో ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు. ఇప్పుడు ఫోన్లలో ఫిల్టర్లు వచ్చి ముఖాలు పాడుచేస్తున్నాయని తిట్టుకునేవాళ్లు ఒక్కసారి ఈ పెళ్లిచూపుల నెగటివ్‌లు చూడాలి. అమ్మాయిని తెల్లగా చూపించాలన్న మన యావ ఫోను కంటే చాలా పాతది. తేడా ఒకటే: ఫోను ఏమి చేసిందో మనకి చెప్పదు, పెన్సిలు దొరికిపోతుంది.

రంగుల గురించి క్లుప్తంగా. ఫొటోలు తీసుకునే తొలి కలర్ నెగటివ్ ఫిల్ము కొడాకలర్ 1942లో వచ్చింది. కలర్ నెగటివ్‌లు కడగడానికి ఇప్పటికీ ల్యాబుల్లో నడుస్తున్న సీ-41 పద్ధతి 1972 నాటిది. మన ఊళ్లలో కలర్ ల్యాబులు వచ్చి పెళ్లిళ్లు రంగుల్లోకి మారింది 80ల తర్వాతే. కలర్ నెగటివ్ నారింజ రంగులో ఉండటానికి కారణం ఫిల్ములోని రంగుల లోపాలను సరిదిద్దడానికి కావాలని చేర్చిన రంగు, అది పాడైపోవడం వల్ల వచ్చింది కాదు. ముఖ్యమైన తేడా వేరే ఉంది. కలర్ ఫిల్ము కడిగాక అందులో వెండి మిగలదు, మొత్తం కరిగించి తీసేస్తారు. మిగిలేవి రంగులే. రంగులు వెలిసిపోతాయి, వెండి అంత త్వరగా పోదు. అందుకే 1965 నాటి అమ్మమ్మ పెళ్లి నెగటివ్ నిక్షేపంగా ఉండి, 1988 నాటి అమ్మ పెళ్లి నెగటివ్ పాలిపోయి ఉంటుంది. ఇదే కారణంతో గ్రహణాన్ని నెగటివ్‌లోంచి చూడటం ప్రమాదం. 1980 ఫిబ్రవరి 16 నాటి సూర్యగ్రహణం గుర్తున్న వాళ్లకి నెగటివ్ ముక్కలు, ఎక్స్‌రేలు పట్టుకుని మిద్దెక్కడం గుర్తుండే ఉంటుంది. కలర్ నెగటివ్‌లోని రంగులు కంటికి చీకటిగా కనిపించినా కనపడని పరారుణ కిరణాలను ఆపవు. కన్ను కాలిపోతున్నా నొప్పి తెలియదు.

వెండి కోసం

నెగటివ్‌లో వెండి ఉండటమే దాని ప్రాణానికి ముప్పయింది. డిజిటల్ కెమెరాలు వచ్చి స్టూడియోలు మూతపడ్డప్పుడు గదినిండా ఉన్న నెగటివ్‌లను తూకానికి అమ్మేశారు. ఎక్స్‌రేలు కొనేవాళ్లే వీటినీ కొని, మందుల్లో నానబెట్టి వెండి తీసుకుని ఫిల్మును పారేస్తారు. రెండు మూడు తరాల ఊరి ముఖాలు అలా కరిగిపోయాయి. ఇది మన ఒక్క ఊరి కథ కాదు. 2009లో థామస్ సోవాన్ అనే ఫ్రెంచి ఫొటో సేకర్త బీజింగ్‌లో ఇలా వెండి తీసే ఒకాయన దగ్గర కిలోల లెక్కన నెగటివ్‌లు కొనడం మొదలుపెట్టాడు. అయిదు లక్షలకు పైగా ఫ్రేములు చేరాయి. 80ల నుంచి మామూలు చైనా కుటుంబాలు ఏం కొనుక్కున్నాయో, ఎక్కడికి విహారానికి వెళ్లాయో అందులో ఉంది. ప్రభుత్వ ఫొటోల్లో దొరకని చైనా అది. మనకి దగ్గర్లో పాండిచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు తమిళనాడు పాత స్టూడియోల ఫొటోలనూ నెగటివ్‌లనూ వెతికి, బ్రిటిష్ లైబ్రరీ సాయంతో డిజిటైజ్ చేశారు. చిత్తూరు, తిరుపతి స్టూడియోలకి మద్రాసుతోనే రాకపోకలు ఎక్కువ. అలాంటి పని ఇటువైపు కూడా జరిగి ఉండాల్సిందని నా బాధ.

అయినా స్టూడియో వాళ్లకి వాటిని అమ్మే హక్కు ఉందా? ఇది అనుకున్నంత సులువైన ప్రశ్న కాదు. 1957 నాటి కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారులు. కానీ హక్కు వేరు, వస్తువు వేరు. ఫిల్ము ముక్క స్టూడియో దగ్గర ఉండేది, మళ్లీ కాపీలు కావాలంటే అక్కడికే రావాలన్నది వాళ్ల వ్యాపారం. మనమూ అడగలేదు. షికాగోలో ఆయాగా పనిచేసిన వివియన్ మాయర్ విషయంలో ఈ ముడి ప్రపంచానికి తెలిసొచ్చింది. అద్దె కట్టని గోదాములోని ఆవిడ పెట్టెలు 2007లో వేలానికి వచ్చాయి. లక్షకు పైగా నెగటివ్‌లు, వాటిలో ఎన్నో కడగని రీళ్లు కూడా. 2009లో ఆవిడ పోయాక గొప్ప వీధి ఫొటోగ్రాఫరని లోకం కొనియాడింది. నెగటివ్‌లు కొన్నవాళ్లకి ఫొటోల మీద కాపీరైటు ఉందా లేదా అని కోర్టు తగాదాలు నడిచాయి. ఎవరో తెలియనివాళ్ల నెగటివ్‌లు కొనేవాళ్లు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి. చూసి ఆనందించడం వేరు, అచ్చువేయడం వేరు.

ఇంట్లో నెగటివ్‌లు దొరికితే ముందు వాసన చూడండి. పులిసిన వాసన వస్తున్నవాటిని మిగతావాటికి దూరంగా పెట్టండి, వాటినే ముందు స్కాన్ చేయండి. రబ్బరు బ్యాండ్లు తీసేయండి, రబ్బరులోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. మిద్దె కింది అటక మీద ఎండాకాలం పొయ్యి మీద పెట్టినట్టే, వానాకాలం బూజు. జిలటిన్ బూజుకి మంచి మేత. ఇంట్లో చల్లటి గదిలో, కింది అరలో, పొడి కాగితపు కవర్లలో ఉంటే చాలు. పాత ప్లాస్టిక్ కవర్లకి అతుక్కుపోయినవాటిని లాగితే పొర ఊడొస్తుంది. వాటి మీద చెయ్యి చేసుకోకుండా తెలిసినవాళ్లకి చూపించడం మంచిది.

స్కానింగుకి ఖరీదైన యంత్రమే కావాలని లేదు. ఒక ఫోనులో తెల్లటి తెర పూర్తి వెలుతురుతో పెట్టి, దానికి ఒక అంగుళం పైన నెగటివ్‌ను నిలిపితే తెర చుక్కలు ఫొటోలోకి రావు. రెండో ఫోనులో యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో కలర్ ఇన్వర్షన్ నొక్కి కెమెరా తెరిస్తే నెగటివ్ అక్కడికక్కడే మామూలు ఫొటోలా తెర మీద కనిపిస్తుంది. నచ్చినవి తర్వాత సరిగ్గా స్కాన్ చేయించుకోవచ్చు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. ఫిల్ముకి మెరిసే వైపు, మసక వైపు ఉంటాయి, తిరగేసి తీస్తే కుడి ఎడమలు మారిపోతాయి. పైట కొంగు కుడి భుజం మీద కనిపించినా, చొక్కా జేబు కుడివైపు ఉన్నా, వెనక అంగడి బోర్డు మీద తెలుగు అక్షరాలు తిరగబడ్డా ఫిల్మును తిప్పి మళ్లీ తీయాలి. అది సరిచూసుకున్నాకే ఇంట్లో పెద్దవాళ్లని కూర్చోబెట్టి ఎడమ నుంచి కుడికి ఎవరెవరో అడిగి కవరు మీద పెన్సిలుతో రాయండి. లేకపోతే పెదనాన్న పేరు చిన్నాన్నకి, చిన్నాన్న పేరు పెదనాన్నకి పడుతుంది.